గౌరామి మెదడులో తనంతట తాను స్పందించే కణాలు: తన హార్మోనును తానే వినే న్యూరాన్ గురించి చర్చ

గాజుతొట్టి (వేళచ్చేరి):

అందరికీ నమస్కారం. మన చెన్నై తెలుగు అక్వేరియం వేదికలో ఎక్కువగా నీటి గట్టిదనం, ఫిల్టర్లు, కొళత్తూరు మార్కెట్‌లో ధరల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి వేరే ప్రశ్న తెచ్చాను. కొళత్తూరులో చేపలు కొనేటప్పుడు ఒక పరిశోధక విద్యార్థి పరిచయమయ్యారు. డ్వార్ఫ్ గౌరామి మెదడులో హార్మోను తయారు చేసే న్యూరాన్లు కొన్ని ఉన్నాయనీ, వాటికి ఎవరూ ఆజ్ఞ ఇవ్వకపోయినా లయగా విద్యుత్ స్పందనలు పుడుతూనే ఉంటాయనీ, పైగా అవి విడుదల చేసే హార్మోను తిరిగి వాటి లయనే మారుస్తుందనీ చెప్పారు. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

నా దగ్గర గౌరామి జతలు ఉన్నాయి. ఒక మగ చేప నీళ్ళు మార్చిన మర్నాడే బుడగల గూడు కడుతుంది. అదే నీరు, అదే మేత, అదే వేడి ఉన్న పక్క తొట్టిలో మరో మగ చేప కన్నెత్తి కూడా చూడదు. ఈ కణాలకూ దానికీ ఏమైనా సంబంధం ఉందా? ఒక కణం తన మాట తానే వినడం అంటే అసలు ఏమిటి? తెలిసినవారు ఓపికగా చెప్పండి. జీవశాస్త్రం చదివి చాలా కాలమైంది.

నాడీతరంగం (తరమణి):

గాజుతొట్టి గారూ, మంచి ప్రశ్న. ఇది నేను చదువుతున్న విషయానికి దగ్గరిది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ఆ హార్మోను పేరు జీఎన్‌ఆర్‌హెచ్ (గొనాడోట్రోపిన్ రిలీజింగ్ హార్మోన్). పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. పీయూష గ్రంథిని ప్రేరేపించి, బీజకోశాలను నడిపే హార్మోన్లను విడుదల చేయించడం దీనికి పేరు తెచ్చిన పని. పాఠ్యపుస్తకాల్లో కథ అక్కడితో ముగుస్తుంది. చేపల్లో మాత్రం అక్కడ మొదలవుతుంది. చాలా జాతుల చేపల మెదడులో ఈ కుటుంబానికి చెందిన హార్మోన్లను తయారు చేసే కణాల గుంపులు మూడు చోట్ల ఉంటాయి. మొదటిది హైపోథాలమస్‌కు ముందున్న ప్రీఆప్టిక్ ప్రాంతం. పీయూష గ్రంథికి తంతువులు పంపేది ఇదే. రెండోది మధ్య మెదడు. మూడోది ముక్కుకు దగ్గరగా, ఘ్రాణ లంబికకూ ముందు మెదడుకూ మధ్య ఉండే టెర్మినల్ నాడి. మీకు ఆ విద్యార్థి చెప్పింది ఈ మూడో గుంపు గురించి.

ఈ మూడో గుంపు మీద లోతైన పని జపాన్‌లో యోషితాకా ఓకా, ఆయన సహచరులు చేశారు. వారు ఎంచుకున్న చేప మీ తొట్టిలో ఉన్నదే. గంగ, బ్రహ్మపుత్రల పరీవాహక ప్రాంతంలో పుట్టిన మన చేప! ఎందుకు ఎంచుకున్నారంటే, ఈ చేపలో ఆ కణాలు పెద్దవి, మెదడు అడుగు భాగాన పైకే కనిపించేంత దగ్గరగా, ఒకదాన్ని ఒకటి ఆనుకుని గుంపుగా ఉంటాయి. సన్నని గాజు పిపెట్‌తో కణాన్ని పట్టుకుని లోపలి విద్యుత్తును కొలవాలనుకునేవారికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు. క్షీరదాల్లో ఇవే రకం కణాలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఒక్కొక్కదాన్ని వెతికి పట్టుకోవడమే పెద్ద పని.

1993లో వారు చూపించినది ఇది: ఈ కణాలకు లయ బయటి నుంచి రాదు. ఇతర న్యూరాన్ల నుంచి సంకేతాలు అందే దారులను మూసినా అవి క్రమం తప్పకుండా స్పందిస్తూనే ఉంటాయి. పైగా ఒక్కో కణం తంతువులు మెదడంతా పరచుకుంటాయి. ఒక చోటికి వార్త మోసుకెళ్ళే కణం తీరు ఇది కాదు. మెదడు మొత్తం స్థితిని సవరించే కణం తీరు.

మరి లయ ఎలా పుడుతుంది? మామూలు న్యూరాన్‌లో సోడియం అయాన్లను లోపలికి రానిచ్చే చానెళ్ళు క్షణంలో తెరుచుకుని క్షణంలో మూసుకుంటాయి. పఫర్ చేప విషమైన టెట్రోడోటాక్సిన్ వాటిని మూసేస్తుంది. గౌరామి కణంలో ఆ విషానికి లొంగని, నెమ్మదిగా, ఆగకుండా సాగే మరో సోడియం ప్రవాహం ఉంది. స్పందన ముగిసి కణం నిమ్మళించగానే ఈ ప్రవాహం దాన్ని మళ్ళీ మెల్లగా అంచు దాకా తోస్తుంది. అంచు దాటగానే స్పందన. వెంటనే పొటాషియం చానెళ్ళు తెరుచుకుని కణాన్ని కిందికి దించుతాయి. మళ్ళీ సోడియం పని మొదలు. చుట్టూ ఉన్న ద్రావణంలో సోడియం తీసేస్తే లయ ఆగిపోతుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు తర్వాత రాస్తాను. ముందు ఇంతవరకు స్పష్టంగా ఉందో లేదో చెప్పండి.

కైకలూరు చెరువు (అంబత్తూరు):

చాలా స్పష్టంగా ఉంది తమ్ముడూ. మాది కొల్లేరు పక్క ఊరు. చెన్నై వచ్చాక కూడా మా బావమరిది హేచరీ పనులు నా చేతి మీదుగానే నడుస్తాయి. మేము రోహు, బొచ్చె తల్లి చేపలకు ఇంజెక్షన్ వేస్తాం. పాతకాలంలో పీయూష గ్రంథుల సారం రెండు విడతలుగా వేసేవారు. ఇప్పుడు ఒకే మోతాదు సూది మందు. సీసా మీద సాల్మన్ జీఎన్‌ఆర్‌హెచ్‌ను పోలిన పదార్థం, డోంపెరిడోన్ అని రాసి ఉంటుంది. అంటే మనం వేసే మందు మీరు చెప్పిన ఈ కణాల లయను పెంచి గుడ్లు పెట్టిస్తోందా?

మన దేశంలో ఈ పని మొదలుపెట్టిన హీరాలాల్ చౌధురి గారిని కూడా ఇక్కడ తలచుకోవాలి. 1957 జూలై 10న పీయూష గ్రంథి సారంతో మేజర్ కార్ప్ చేపల (రోహు, బొచ్చె వంటివి) ప్రేరిత ప్రజననం సాధించారు. ఆ రోజునే జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకుంటున్నాం. ఆయన పని లేకపోతే మా జిల్లాలో ఇన్ని చెరువులు ఉండేవి కావు.

నాడీతరంగం (తరమణి):

లేదన్నా. ఆ సూది మందు న్యూరాన్లతో పని లేకుండా నేరుగా పీయూష గ్రంథి కణాల మీద పనిచేస్తుంది. కార్ప్ జాతుల్లో డోపమైన్ పీయూష గ్రంథికి అడ్డుకట్ట వేస్తుంది. డోంపెరిడోన్ ఆ అడ్డు తొలగిస్తుంది, జీఎన్‌ఆర్‌హెచ్ పోలిక పదార్థం ముందుకు తోస్తుంది. ఈ రెండింటి జోడీ 1980లలో రిచర్డ్ పీటర్, లిన్ హావొరాన్‌ల పని నుంచి వచ్చింది. మీ హేచరీలో జరిగేది మెదడు చెప్పవలసిన చివరి మాటను మనం బయటి నుంచి చెప్పడం. మనం ఇక్కడ మాట్లాడుతున్నది మెదడు ఆ మాట దాకా ఎలా వస్తుందన్నది. ఈ రెండూ కలిపేస్తే చాలా గందరగోళం వస్తుంది.

ఇంకొకటి. చేపల్లో పీయూష గ్రంథికి రక్తనాళాల ద్వారా హార్మోను చేరడం కాదు, న్యూరాన్ తంతువులే నేరుగా గ్రంథిలోకి దిగుతాయి. ఈ ఏర్పాటు మనలో లేదు.

డాక్టరమ్మ (పెరంబూరు):

ఇక్కడ ఒక స్పష్టత కావాలి. నేను వైద్యురాలిని. మాకు జీఎన్‌ఆర్‌హెచ్ లయ అనగానే గుర్తొచ్చేది గంటకోసారి వచ్చే హార్మోను పోటు. 1978లో ఎర్నెస్ట్ నోబిల్ బృందం కోతుల్లో చూపించింది: గంటకోసారి ఇస్తే పీయూష గ్రంథి పలుకుతుంది, అదే హార్మోనును ఆగకుండా ఎక్కిస్తే మూగబోతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ల్యూప్రోలైడ్ అనే జీఎన్‌ఆర్‌హెచ్ పోలిక మందు ఇచ్చేది ఈ సూత్రం మీదే. మీరు చెబుతున్న గౌరామి లయ సెకన్ల లెక్కలోది కదా? రెండింటినీ లయ అనే పిలుస్తుంటే చదివేవారు ఒకటే అనుకుంటారు.

నాడీతరంగం (తరమణి):

మేడమ్, మీరు పట్టుకున్నది అసలైన చిక్కు. అవి రెండు వేర్వేరు లయలు. గౌరామి టెర్మినల్ నాడి కణంలో మనం చూసేది ఒక్కొక్క విద్యుత్ స్పందన, సెకనుకు కొన్ని చొప్పున. మీరు చెప్పిన పోటు ఎన్నో కణాలు కలిసి ఒక్కసారిగా హార్మోను వదలడం. క్షీరదాల్లో ఆ పోటుకు మూలం హైపోథాలమస్‌లోని ఆర్క్యుయేట్ కేంద్రకంలో ఉన్న, కిస్‌పెప్టిన్ అనే పెప్టైడ్‌ను తయారు చేసే కణాలని ఇప్పుడు గట్టి ఆధారాలున్నాయి. అంటే మనలో ఆ గడియారం జీఎన్‌ఆర్‌హెచ్ కణాల బయట ఉంది. గౌరామి మూడో గుంపులో లయ కణం లోపలే ఉంది. అందుకే ఇది ఇంత ఆసక్తికరం.

లూప్ ఇంజినీరు (షోళింగనల్లూరు):

నేను ఎలక్ట్రానిక్స్ మనిషిని. కణం తన హార్మోనును తానే వింటుందంటే నాకు ఒకే ప్రశ్న వస్తుంది. ఆ ఫీడ్‌బ్యాక్ ఏ దిశలో? హార్మోను లయను తగ్గిస్తే వ్యవస్థ ఒక స్థాయి దగ్గర నిలబడుతుంది. పెంచితే ఇంకా హార్మోను, ఇంకా లయ, ఇంకా హార్మోను... అది అదుపు తప్పుతుంది. ఏది నిజం?

నాడీతరంగం (తరమణి):

రెండూ నిజమే, వేర్వేరు సమయాల్లో.

ఓకా, హిడెకి ఆబే 2000లోనూ 2002లోనూ ప్రచురించిన పని ఇది. గౌరామి మెదడును ప్రాణవాయువు కలిపిన ద్రావణంలో సజీవంగా ఉంచి, ఒక టెర్మినల్ నాడి కణాన్ని పిపెట్‌తో పట్టుకుని, ఆ ద్రావణంలో సాల్మన్ రకం జీఎన్‌ఆర్‌హెచ్ కలిపారు. ఆ కణం తానే తయారు చేసే రకం అది. ముందు స్పందనలు తగ్గాయి. కాసేపటికి మళ్ళీ పుంజుకుని, మొదట్లో ఉన్నదానికంటే వేగంగా సాగాయి. ముందు తగ్గుదల, తర్వాత పెరుగుదల. ఒకే హార్మోను, ఒకే కణం.

ఇది పక్క కణం నుంచి చుట్టు తిరిగి వచ్చిన ప్రభావం కాదని ఎలా తెలుసు? గ్రాహకం అందుకున్న సంకేతాన్ని కణం లోపల ముందుకు చేరవేసేవి జీ ప్రోటీన్లు. పిపెట్ గుండా కణం లోపలికి వాటిని పనిచేయకుండా ఆపే పదార్థాన్ని పంపారు. ఆ కణంలో మార్పు తగ్గిపోయింది. అంటే హార్మోనును అందుకునే గ్రాహకం ఆ కణం మీదే ఉంది, దాని లోపలి యంత్రాంగమే లయను మారుస్తోంది.

ఇక లోపల జరిగేది. గ్రాహకం మేల్కొనగానే కణం లోపలి నిల్వల్లోంచి కాల్షియం బయటపడుతుంది. ఆ కాల్షియం ఒక రకం పొటాషియం చానెళ్ళను తెరుస్తుంది. తేనెటీగ విషంలోని అపామిన్ మూసేయగల చానెళ్ళు ఇవి. పొటాషియం బయటకు పోవడంతో కణం కిందికి దిగి, అంచుకు దూరమవుతుంది. స్పందనలు మందగిస్తాయి. ఇది మొదటి దశ. రెండో దశలో వ్యవహారం కణత్వచం మీద నడుస్తుంది. వోల్టేజీకి స్పందించే కాల్షియం చానెళ్ళ పనితీరు మారి, బయటి కాల్షియం లోపలికి రావడం పెరుగుతుంది, లయ వేగం పుంజుకుంటుంది. ఒకే అయాన్ లోపలి నిల్వ నుంచి వస్తే ఒక పని, బయటి నుంచి వస్తే మరో పని చేయడం నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే నచ్చిన భాగం. ఎక్కడి నుంచి వచ్చింది, ఏ చానెల్ పక్కన చేరింది అన్నదే తేడా.

బయాలజీ మాస్టారు (టి.నగర్):

చాలా బాగా చెప్పావు నాయనా. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను ఒక పోలిక వాడుకోవచ్చా? కచేరీలో గాయకుడు పాడుతూనే తన గొంతును తాను వింటూ శ్రుతిని సరిచూసుకుంటాడు. చెవులు మూసేస్తే పాట కొనసాగుతుంది గానీ శ్రుతి తప్పుతుంది. ఈ కణమూ అంతే అనిపిస్తోంది.

లూప్ ఇంజినీరు (షోళింగనల్లూరు):

మాస్టారూ, పోలిక అందంగా ఉంది, కానీ ఒక చోట దారి తప్పిస్తుందని నా భయం. గాయకుడికి ముందే ఒక శ్రుతి ఉంది, తప్పితే దాని దగ్గరకు తిరిగి వస్తాడు. నాడీతరంగం గారు చెప్పిన కణం తిరిగి పాత వేగానికి రాలేదు. దాన్ని దాటి పైకి వెళ్ళింది. అంటే ఇది స్థాయిని కాపాడే లూప్ కాదు, స్థాయిని మార్చే లూప్.

ఇంకొంచెం ముందుకు వెళ్తాను, ఇది నా ఊహే సుమా. తగ్గించే దశ త్వరగా వస్తుంది, పెంచే దశ ఆలస్యంగా వస్తుంది. అలాంటప్పుడు క్షణకాలం వెలువడిన కాస్త హార్మోను లయను తగ్గించి ఊరుకుంటుంది. చాలాసేపు నిలిచిన హార్మోను మాత్రమే లయను పైకి ఎత్తుతుంది. అంటే కణం చిన్నచిన్న అలజడులను పట్టించుకోకుండా, నిలకడగా వచ్చిన మార్పుకే స్థితి మార్చుకుంటుంది. సర్క్యూట్లలో మేము కావాలని కట్టే గుణం ఇది.

డాక్టరమ్మ (పెరంబూరు):

ఇంజినీరు గారి ఊహకు దగ్గరగా క్షీరదాల నుంచి ఒక విషయం. ఎలుక మెదడు ముక్కల్లో జీఎన్‌ఆర్‌హెచ్ కణాల మీద అదే హార్మోనును పరీక్షించినప్పుడు, తక్కువ మోతాదు స్పందనలను తగ్గించిందనీ ఎక్కువ మోతాదు పెంచిందనీ 2004లో మోంటర్ ప్రయోగశాల ప్రచురించింది. అక్కడ దిశను నిర్ణయించింది మోతాదు. గౌరామిలో దిశ మారేది కాలంతో. రెండూ ఒకటే అనను. కానీ ఒకే గ్రాహకంతో రెండు దిశలు సాధ్యమన్నది రెండు చోట్లా కనబడింది.

కైకలూరు చెరువు (అంబత్తూరు):

నాకు ఒక సందేహం. న్యూరాన్ హార్మోనును తంతువు చివర కదా వదులుతుంది? ఆ చివర ఎక్కడో వెనక మెదడులో ఉంటే, కణం తన హార్మోనును తాను ఎలా వింటుంది?

నాడీతరంగం (తరమణి):

అన్నా, ఇది చాలామంది అడగని ప్రశ్న. ఈ కణాల్లో హార్మోను తంతువు చివరే కాదు, కణం ఒంటి నుంచి కూడా వెలువడుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే హార్మోను నిండిన సంచులు కణం ఒంటి అంచున విచ్చుకుంటూ కనిపించాయి. ఇంతకు ముందు చెప్పినట్టు గౌరామిలో ఆ కణాలు ఒకదాన్ని ఒకటి తాకుతూ ఉంటాయి, మధ్యలో అడ్డుగా గ్లియా (న్యూరాన్లకు ఆసరాగా ఉండే) కణాల పొర కూడా లేదు. కాబట్టి ఒక కణం వదిలినది దానికీ చేరుతుంది, పక్కవాటికీ చేరుతుంది. తన మాట తాను వినడం అని మనం అంటున్నది నిజానికి గుంపు మాట గుంపు వినడం.

దీనికి తోడు ఆ కణాల మధ్య నేరుగా విద్యుత్ సంబంధం కూడా ఉంది. రెండు కణాలను ఒకేసారి రెండు పిపెట్‌లతో పట్టుకుని కొలిస్తే ఒకదాని విద్యుత్ మార్పు రెండోదానికి దాటుతుందనీ, వాటి లయలు కలిసి సాగుతాయనీ ఆ బృందమే చూపించింది. విద్యుత్ సంబంధం క్షణాల్లో పనిచేస్తుంది, హార్మోను నిమిషాల్లో. ఒకటి అడుగు కలుపుతుంది, మరొకటి నడక వేగాన్ని మారుస్తుంది.

ఇంకా ఉంది. ఈ కణాలు జీఎన్‌ఆర్‌హెచ్ ఒక్కటే కాదు, న్యూరోపెప్టైడ్ ఎఫ్‌ఎఫ్ అనే మరో పెప్టైడ్‌ను కూడా తయారు చేస్తాయి. దాన్ని కలిపి చూస్తే లయ తగ్గింది. అంటే ఒకే కణం తన వేగాన్ని పెంచే పదార్థాన్నీ తగ్గించే పదార్థాన్నీ తానే తయారు చేసుకుంటోంది. ఇంజినీరు గారి అదుపు తప్పే భయానికి జవాబులో ఒక భాగం ఇక్కడ దొరకవచ్చని నా అభిప్రాయం.

లూప్ ఇంజినీరు (షోళింగనల్లూరు):

ధన్యవాదాలు. అయినా నాకు ఇంకా ఒక లోటు కనిపిస్తోంది. ద్రావణంలో మనం హార్మోను పోస్తే కణం స్పందించింది, సరే. కానీ బతికి ఉన్న చేపలో, కణం తానే వదిలిన హార్మోనుతో అదే జరుగుతోందని దీనితో రుజువు కాదు. కణాన్ని అలాగే ఉంచి, దాని హార్మోనును మాత్రమే తీసేసి చూడాలి. లయ మారాల్సిన సందర్భంలో మారకపోతే అప్పుడు ఒప్పుకుంటాను. అలాంటి ప్రయోగం ఎవరైనా చేశారా?

మెడాక (అడయారు):

చేశారు! చాలాసేపటి నుంచి ఈ చర్చ చదువుతున్నాను, ఇక ఆగలేకపోయాను.

గౌరామిలో జన్యువులను మార్చడం కష్టం. జపాన్ వరి పొలాల్లో ఉండే మెడాక చేపలో అది సాధ్యం. 2014లో తెరుయుకి ఒకుయామా, హిడెయాకి తకెయుచి, వారి సహచరులు ప్రచురించిన పని ఇది. మెడాక ఆడ చేప ముందుగా చూసి అలవాటుపడిన మగ చేపను త్వరగా అంగీకరిస్తుంది, కొత్త మగ చేపను చాలాసేపు దగ్గరకు రానివ్వదు. అలవాటు పడడానికి తాకనక్కర్లేదు, గాజు అడ్డం ఉన్నా చాలు. చూపు చాలు.

ఇప్పుడు అసలు సంగతి. మనం చెప్పుకుంటున్న టెర్మినల్ నాడి కణాల లయ మామూలుగా ఉన్నప్పుడు ఆడ చేప ఎవరినీ అంగీకరించని స్థితిలో ఉంటుంది. ఒక మగ చేపను చూసి అలవాటుపడ్డాక ఆ కణాల లయ వేగం పెరుగుతుంది, అంగీకారం దానితో పాటు వస్తుంది. ఆ కణాలనే తొలగిస్తే ఆడ చేప అపరిచితుణ్ణి కూడా త్వరగా అంగీకరించింది. అంటే మామూలు లయలో ఆ కణాలు చేస్తున్న పని ఆపి ఉంచడం.

ఇక మీరు అడిగిన ప్రయోగం. కణాలు అలాగే ఉండి, వాటి హార్మోను జన్యువు మాత్రం పనిచేయని ఆడ చేపలను తయారు చేశారు. వాటిలో చూసి అలవాటుపడ్డాక కూడా కణాల లయ పెరగలేదు. ఆడ చేప అంగీకార స్థితికి మారలేదు. కణం తన హార్మోనుతో తనను తాను పైకి ఎత్తుకుంటేనే స్థితి మారుతుందని రచయితలు తేల్చారు. గౌరామి మెదడు ద్రావణంలో కనిపించిన రెండో దశ, బతికి ఉన్న చేప నిర్ణయంలో భాగమై కనిపించింది.

లూప్ ఇంజినీరు (షోళింగనల్లూరు):

ఇదే నేను అడిగింది. తీసేయడానికీ మూయించడానికీ తేడా కూడా ఇక్కడ తెలుస్తోంది. కణాన్ని తీసేస్తే తలుపు తెరుచుకుంది, దాని హార్మోనును తీసేస్తే తలుపు మూసే ఉండిపోయింది. రెండు ఫలితాలూ ఒకే వైపు వచ్చి ఉంటే ఈ వాదన ఇంత గట్టిగా నిలబడేది కాదు.

నాడీతరంగం (తరమణి):

మెడాక గారూ, మీరు రావడం మా అదృష్టం. మొదటి గుంపు సంగతి కూడా చెప్పరా? ప్రీఆప్టిక్ కణాలకు ఇలాంటి స్థిరమైన లయ ఉండదు కదా.

మెడాక (అడయారు):

ఉండదు. మెడాకలో మొదటి గుంపు కణాల స్పందనలు అడ్డదిడ్డంగా, గుంపులు గుంపులుగా వస్తాయి. ఆడ చేపలో సాయంత్రం వేళ వాటి చురుకుదనం పెరుగుతుందని 2012లో కరిగో, ఓకా, వారి సహచరులు చూపించారు. మెడాక రోజూ తెల్లవారే వేళకు గుడ్లు పెడుతుంది, దానికి ముందటి సాయంత్రం పీయూష గ్రంథికి సంకేతం వెళ్ళాలి. ఈ గుంపు హార్మోను జన్యువును పనిచేయకుండా చేస్తే ఆడ చేపలో అండం విడుదల కాలేదు. చేప పుట్టుకకు సంబంధించిన పని అక్కడ, ఇష్టాయిష్టాల పని ఇక్కడ.

అయితే ఈ పంపకం అన్ని చేపల్లో ఒకేలా లేదు. జీబ్రా చేపలో మొదటి రకం హార్మోను జన్యువే లేదు, ఆ పని మూడో రకమే చూసుకుంటుందని అనుకునేవారు. తీరా ఆ మూడో రకం జన్యువును తొలగించినా చేపలు సంతానం కన్నాయి. కాబట్టి ఒక చేపలో తేలినదాన్ని మరో చేపకు అలాగే అంటగట్టకూడదు. కైకలూరు అన్నగారి రోహు, బొచ్చె కూడా జీబ్రా చేప బంధువులే, మెడాకకు కాదు.

బయాలజీ మాస్టారు (టి.నగర్):

ఇంజినీరు గారూ, గాయకుడి పోలికను ఇక పాఠంలో వాడను. మెడాక ఆడ చేపనే చెబుతాను. పిల్లలకు ఇదే బాగా గుర్తుంటుంది.

గాజుతొట్టి (వేళచ్చేరి):

మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇప్పుడు నా గౌరామి దగ్గరకు రండి. మగ చేప గూడు కట్టడానికీ ఈ కణాలకూ సంబంధం ఎవరైనా నేరుగా చూశారా?

నాడీతరంగం (తరమణి):

చూశారు. 1997లో యమమొటో, ఓకా, కవషిమ మగ డ్వార్ఫ్ గౌరామిలో ఈ కణాలను మాత్రమే దెబ్బతీసి చూశారు. చేప ప్రవర్తనలన్నీ అలాగే ఉన్నాయి, గూడు కట్టడం మాత్రం తరచుదనం తగ్గింది. పూర్తిగా పోలేదు, ఈ మాట ముఖ్యం. గూడు కట్టే నైపుణ్యం ఈ కణాల్లో లేదు. ఎంత సులువుగా ఆ పనికి దిగుతుందన్నది వీటి చేతిలో ఉంది. అందుకే మీ రెండు తొట్ల తేడా నాకు వింతగా అనిపించదు. అయితే మీ రెండో చేపలో ఈ కణాల వేగమే తక్కువని ఇంట్లో కూర్చుని చెప్పలేం. వయసు, ఆరోగ్యం, పక్క తొట్టిలో కనిపించే మరో మగ చేప, ఎన్నో ఉన్నాయి.

ఒక మాట చేరుస్తాను. ఈ కణాల తంతువులు కంటి రెటీనాకు కూడా వెళ్తాయని గోల్డ్‌ఫిష్‌లో 1984లోనే చూపించారు. అంటే చూపు ఈ కణాలను మారుస్తుంది, ఈ కణాలు చూపును కూడా మార్చవచ్చు.

కైకలూరు చెరువు (అంబత్తూరు):

గాజుతొట్టి గారూ, అయితే చేతిలో ఉన్నది చేసి చూడండి. రెండో మగ చేపకు మరో మగ చేప కనిపించకుండా అట్ట అడ్డం పెట్టండి. ఫిల్టర్ నీటిపై అలలు రేపకుండా తగ్గించండి. నీటిపై అంతరతామరో మరే తేలే మొక్కో వేయండి, గౌరామి బుడగల్లో మొక్క ముక్కలు కలిపి గూడు కడుతుంది. ఆడ చేపను మొదట గాజు పలక అవతల ఉంచి చూపించండి. వేరుగా ఉంచిన చోటు నుంచి కలపడం మా హేచరీలోనూ ఉన్న అలవాటే, కారణం ఇప్పుడు వేరేలా కనిపిస్తోంది.

డాక్టరమ్మ (పెరంబూరు):

మనుషుల విషయంలో ఒక్క మాట, ఎవరూ ఈ చర్చ చదివి వేరే అర్థం తీసుకోకూడదని. మన జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు గర్భంలో ముక్కు ప్రాంతంలో పుట్టి మెదడులోకి వలస వెళ్తాయి. ఆ వలస ఆగిపోతే యుక్తవయసు మార్పులు రావు, వాసన కూడా తెలియదు. దాన్ని కాల్‌మన్ సిండ్రోమ్ అంటాం. చేప టెర్మినల్ నాడి కూడా ముక్కు దగ్గరే ఉండటం యాదృచ్ఛికం కాదు. కానీ మెడాక ఆడ చేప ఫలితాన్ని మనుషుల ఇష్టాయిష్టాలకు వర్తింపజేయడానికి ఏ ఆధారమూ లేదు.

గాజుతొట్టి (వేళచ్చేరి):

అట్ట అడ్డం ఈ రోజే పెడుతున్నాను. ఆడ చేపను గాజు పలక అవతల ఉంచుతాను. నాడీతరంగం గారూ, ఆడ చేపను చూపించడం వల్ల మగ గౌరామిలో ఈ కణాల లయ నేరుగా పెరుగుతుందా అన్నది మీ ప్రయోగశాలలో ఎవరైనా కొలిస్తే తప్పకుండా ఇక్కడ రాయండి.

నాడీతరంగం (తరమణి):

తప్పకుండా. కొలవాలంటే చేపకు చూపు అందుతూ ఉండగానే మెదడులో పిపెట్ కదలకుండా నిలవాలి, అదే కష్టం. కాల్షియంతో వెలుగు మార్చే ప్రోటీన్‌ను ఈ కణాల్లోనే తయారయ్యేలా చేయగలిగితే పిపెట్ అక్కర్లేదు, సూక్ష్మదర్శినితో లయను చూడవచ్చు. మెడాకలో ఆ దారి ముందు తెరుచుకుంటుంది, గౌరామికి తర్వాత.

మెడాక (అడయారు):

దాని గురించి విడిగా ఒక చర్చ మొదలుపెడతాను, అక్కడికి రండి. ఈ వారం పని ఒత్తిడి తగ్గగానే రాస్తాను.